సీసా చదివే పిల్ల

మొన్న టాటానగర్ స్టేషన్ దగ్గర సాక్చీ వెళ్ళే షేర్ ఆటో ఎక్కితే, పక్కన కూర్చున్న ముసలావిడ మోకాళ్ళ నుంచి కర్పూరం, టర్పెంటైన్ కలిసిన వాసన గుప్పుమంది. ఎదురుగా ఉన్న కాలేజీ పిల్లలు చున్నీలు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం సిగ్గు విడిచి ఆవిడ వైపు ఇంకాస్త జరిగాను. ఆవిడ నన్నోసారి అనుమానంగా చూసి, చేతిసంచీ ఒళ్ళో నుంచి అవతలి పక్కకి మార్చుకుంది. అరవై దాటిన ఆడమనిషిని జేబుదొంగ అనుకుంటే అనుకుంది పాపం, ఏం చేస్తాం. ఆటో ఫ్లైఓవర్ ఎక్కేలోగా నేను ఆ ఆటోలో లేను. భాలుబాసాలో మా పాత సందులో, ఓడ తాత వరండాలో, పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాను.

మా సందు పొడుగ్గా, సన్నగా, రెండు వైపులా పెంకుటిళ్ళతో ఉండేది. టెక్కలి, సోంపేట, నరసన్నపేట వైపుల నుంచి కంపెనీ పనికొచ్చినవాళ్ళవే సగం ఇళ్ళు, తక్కినవి బీహారీలవీ ఒరియావాళ్ళవీ. చలికాలం పొద్దుటే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజేస్తే పొగ సందంతా దుప్పటిలా పరుచుకునేది, ఆ పొగలోంచి నైట్ షిఫ్టు దిగిన మగవాళ్ళు సైకిళ్ళు నడిపించుకుంటూ ఒక్కొక్కరే బయటపడేవారు. మా అమ్మ చోడి అంబలి కాచేది. పక్కింటి బీహారీలు సత్తుపిండిలో పచ్చిమిరపకాయ, ఆవనూనె కలిపేవారు. మేం పిల్లలం రెండిళ్ళలోనూ తిని, ఏ ఇంట్లోనూ తిననట్టు మొహాలు పెట్టేవాళ్ళం. ఎండాకాలం పనసకాయ కోస్తే జిగురు చేతులకీ జుట్టుకీ అంటుకుని రెండు రోజులు వదిలేది కాదు. వానాకాలం ఎర్రమట్టి నీళ్ళు సందు మధ్య వాగులా పారితే, అవి తీశాక తడి నేల మీద గళ్ళు గీసి ఒంటికాలి మీద గెంతుతూ ఆడే ఆటని మేం కిత్‌కిత్ అనేవాళ్ళం, మా నాయనమ్మ తొక్కుడుబిళ్ళ అనేది, ఎవరి మాట వాళ్ళదే. సాయంత్రం కంపెనీలో కరిగిన ఇనప చిట్టెం పారబోసినప్పుడు పడమటి ఆకాశం ఇంకోసారి తెల్లవారినట్టు నారింజ రంగుకి తిరిగేది. సందులోని గోడలు, మేకలు, మా మొహాలు అన్నీ కాసేపు ఆ రంగులోనే ఉండేవి. ఊళ్ళన్నీ అలాగే ఉంటాయనీ, అందరి ఆకాశాలూ రోజుకి రెండుసార్లు వెలుగుతాయనీ నేను చాలాకాలం అనుకున్నాను.

సందు మలుపులో ఉన్న ఇల్లు ఓడ తాతది. అసలు పేరు దేవసహాయం గారు. భీమిలి దగ్గర పుట్టిన క్రైస్తవుడు, పెళ్ళి చేసుకోలేదు, పొట్టిగా నల్లగా ఉండి, నడిచేటప్పుడు నేల కదులుతుందేమోనన్నట్టు కాళ్ళు దూరదూరంగా వేసేవాడు. ఆయన వరండాలో ఒక పక్క మందులబల్ల, దాని మీద చిన్న తక్కెడ, పింగాణీ కల్వం, బిరడాలు నింపిన గాజు జాడీ, మైదా బంక ఉన్న గిన్నె. రెండో పక్క మా పలకలు, నల్లబల్ల, ఇసక పోసిన రేకు పళ్ళాలు. పగలంతా అది వైద్యశాల, నాలుగయ్యాక బడి. రెండిటికీ మధ్య తెర కూడా లేదు కాబట్టి, మేం గుణింతాలు చదువుతుంటే ఎవరో ఒకరు బెంచీ మీద దగ్గుతూనే ఉండేవారు. దూలానికి ఒక ఇత్తడి గంట వేలాడేది. అరగంటకోసారి దాన్ని వాయించకపోతే ఆయనకి తోచేది కాదు. కంపెనీ భోంపు కూత మగవాళ్ళ కోసం, ఓడ తాత గంట ఆడవాళ్ళ కోసం అని మా అమ్మ నవ్వేది. ఆ గంట విని పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు సందులో చాలామంది.

ఏ రోగంతో వెళ్ళినా ముందు నాలుక చాపించి, చిగుళ్ళు నొక్కి చూసి, తరవాతే ఏమిటని అడిగేవాడు. చివరికి ఎవరికైనా నిమ్మకాయ తినమనే చెప్పేవాడు.

"కాలిరిగినా నిమ్మకాయే సెప్తాడు ముసిలోడు," అనేది నాయనమ్మ. కానీ క్రిస్మసుకి ఆయన పళ్ళెంలో పెట్టి పంపే గులాబి పువ్వుల్లో మొదటిది, ఇంకా నూనె ఆరని కరకరలాడే పువ్వు, ఆవిడే తీసుకునేది.

ఆయన జీవితం మాకు ముక్కలు ముక్కలుగా తెలుసు, గుణింతాల మధ్యలో చెప్పేవాడు గనక. మిషన్ ఆసుపత్రిలో మందులు కలపడం నేర్చుకున్నాడట. ఇరవై ఏళ్ళకి రంగం, అంటే రంగూన్, వెళ్ళే ఓడలో డాక్టరు దొర దగ్గర కాంపౌండరుగా చేరాడట. దొరకి ఓడ పడదట. లంగరు ఎత్తిన దగ్గర్నుంచి రంగం రేవు కనబడే దాకా ఆ దొర మంచం మీద మూలుగుతూ పడుంటే, డెక్కు నిండా ఉన్న మన కూలిజనానికి జ్వరాలూ వాంతులూ పుళ్ళూ పురుళ్ళూ అన్నీ ఈయనే చూశాడట, ఆ అరగంట గంటా నిమ్మకాయ వైద్యమూ అక్కడి అలవాట్లే. ఓడలోనే పుట్టిన ఒక ఆడపిల్లకి ఓడమ్మ అని పేరు పెట్టారట. యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయాక, ఆ జనమే రైళ్ళెక్కి టాటా రావడం మొదలుపెట్టారు, వాళ్ళ వెనకే నేనూ వచ్చానని చెప్పేవాడు. డాక్టరు అని బోర్డు మాత్రం రాయించుకోలేదు. నేను డాక్టర్ని కాదమ్మా, డాక్టరు పడుకున్నప్పుడు లేచి ఉన్నవాణ్ణి అనేవాడు.

మాలో ఎవరమూ సముద్రం చూడలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన మమ్మల్ని భుయ్యాడీహ్ దాటించి సువర్ణరేఖ ఒడ్డుకి తీసుకెళ్ళేవాడు, పళ్ళాల్లోకి సన్నని ఇసక తేవడానికి. ఆ నది ఇసకలో బంగారం ఉందని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఆడవాళ్ళు చెక్క తొట్లలో ఇసక కడుగుతూ ఎండలో వంగుని ఉండటం నేనూ చూశాను. వరద రోజుల్లో నీళ్ళు ఎర్రగా, వెడల్పుగా, చప్పుడు లేకుండా పోతుంటే తాత ఒడ్డున నిలబడి, కళ్ళు మూసుకోండర్రా, ఇప్పుడు ఆ అవతలి ఒడ్డు తీసేయండి, అనేవాడు. మేం కళ్ళు మూసుకుని తీసేసేవాళ్ళం. అవతలి చెట్లు పోయేవి, కొండలు పోయేవి, నీళ్ళే మిగిలేవి. నీళ్ళ మీద ఒక ఓడ, ఓడ నిండా మా నాయనమ్మ యాసలో మాట్లాడే మనుషులు. పెద్దయ్యాక పూరీలో అసలు సముద్రం చూశాను గానీ, ఇంత చప్పుడేమిటని విసుగొచ్చింది. నా సముద్రం ఎర్రగా, నిశ్శబ్దంగా ఉండేది.

ఆయన వైద్యంలో ఒక వింత నియమం ఉండేది. సీసా మీద చీటీ తెలుగులో రాసి అంటించేవాడు. ఆ చీటీ చదవగలిగే పిల్ల గానీ పిల్లాడు గానీ ఇంట్లో లేకపోతే సీసా ఇచ్చేవాడు కాదు. రోగి వరండాలోకి వచ్చి మూడుపూటలా ఆయన చేత్తోనే మందు తాగి పోవాల్సిందే. డ్యూటీలున్న మగవాళ్ళకి అది కుదురుతుందా? "మందియ్యడానికి సదువుతో పనేటి!" అని తిట్టుకుంటూనే అందరూ ఇంటికొకరిని ఆయన బడికి తోలారు. ఎవరికైనా మందు కలిపాక, ఆ ఇంటి పిల్లని పిలిచి, సీసా చేతికిచ్చి, గట్టిగా చదవమనేవాడు. చదివితేనే సీసా ఇంటికి వెళ్ళేది. అలా సందులో ప్రతి ఇంటికీ ఒక సీసా చదివే పిల్ల తయారైంది. మా ఇంటికి నేను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కోకోవెన్‌లో బొగ్గు బట్టీల దగ్గర పనిచేసే మా నాన్నకి సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు, అమ్మకి అదీ రాదు. ఆ ఇంట్లో నేను సీసా ఎత్తి పట్టుకుని నిలబడితే అందరూ మాటలాపేసేవారు. నాయనమ్మ నా తలకి ముందుగా నూనె రాసేది, బెల్లం ముక్క ముందుగా నాకే పెట్టేది. మా పారోతి సీసా సదువుద్దని ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పేది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. నాకు చదవడం రాదు.

పగలు నేను వెళ్ళేది హిందీ బడికి. అక్కడి అక్షరాలు తాడు మీద ఆరేసిన బట్టల్లా ఒక గీతకి వరసగా వేలాడుతూ ఉండేవి, నాకు సులువుగా పట్టుబడ్డాయి. తెలుగువి పళ్ళెంలో పోసిన జంతికల ముక్కల్లా ఎటు చూసినా గుండ్రంగానే కనబడేవి. కానీ ఓడ తాత చీటీలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయని నేను తొందరగానే కనిపెట్టాను. తాగే మందు సీసాకి వెనకవైపు పొడుగాటి కాగితం ముక్క అంటించి ఉండేది, మోతాదు తెలియడానికి దాని అంచున కత్తెరతో గాట్లు పెట్టేవాడు. పూసే మందుకి గాట్లుండవు. గాట్లుంటే "తాగవలెను. పూటకు ఒక గీత. అన్నం తిన్న తరువాత," అని రాగం తీసేదాన్ని. లేకపోతే "పూయవలెను." అంతే. వేలు మాత్రం అక్షరాల కింద బుద్ధిగా జరిపేదాన్ని. ఇది నా ఒక్కదాని తెలివీ కాదు, మాలో సగంమంది చదువు ఇంతే.

ఒక శ్రావణంలో నాయనమ్మకి మోకాళ్ళు వాచాయి, దానికి తోడు జలుబూ దగ్గూ. నాయనమ్మ ఏ సీసానీ పారేసే మనిషి కాదు. కడిగి బోర్లించిన పాత సీసా ఒకటి మా అవతలి పక్కింటి ఎర్రమ్మ పిన్ని చేతికిచ్చి, ఓడ తాత దగ్గర మందు పోయించుకు రమ్మంది. ఆవేళ తాతకే చలిజ్వరం. వణుకుతూనే లేచి మోకాళ్ళకి మందు కలిపి, సీసాలో పోసి, ముందువైపు కొత్త చీటీ రాసి అంటించి, దగ్గుమందు రేపిస్తానని చెప్పి పడుకున్నాడట. నేను హిందీ బళ్ళో ఉన్నాను. చదివించకుండా సీసా పంపడం ఆయనకి అదే మొదలు.

నేను ఇంటికొచ్చేసరికి వాన. నాయనమ్మ మంచం చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. ఎర్రమ్మ పిన్ని కొంగు కింద నుంచి సీసా తీసింది.

"ఇదేటో దగ్గుకో కాళ్ళకో నాకు గురుతు నేదు. గుంట సేత సదివించుకోమన్నాడు. సదవే పారోతీ."

నేను సీసా తిప్పాను. వెనకవైపు గాట్ల కాగితం ఉంది. కడిగినా ఊడని పాత కాగితం అది, ఆ సంగతి నాకు తట్టలేదు. కానీ ముందువైపు చీటీ మీద మూడు వరసలుండాల్సిన చోట రెండే ఉన్నాయి. అది మాత్రం చూశాను. అక్షరాలు కూడా ఎప్పటివి కావని తెలిసింది. ఓడ తాత ఇల్లు పది గడపల దూరం, పరిగెత్తి వెళ్ళి అడిగి రావచ్చు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, వేలు జరుపుతూ, "తాగవలెను. పూటకు ఒక గీత," అన్నాను.

జలుబుతో నాయనమ్మకి ఆ కర్పూరం, టర్పెంటైన్ వాసన తెలియలేదు. తక్కినవాళ్ళకి తెలిసినా, ఆయన మందులన్నీ కంపే కదా అనుకుని ఉంటారు. ఒక్క గుక్క మింగింది. రెండోది నోట్లో ఉండగానే ఉమ్మేసి, గొంతు పట్టుకుని మంచం మీద వాలిపోయింది. ఎవరో ఉప్పునీళ్ళు తెమ్మన్నారు, ఎవరో చింతపండు పిసికారు, అమ్మ ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు విని, దుప్పటి కప్పుకుని, చెప్పులు లేకుండా, వానలో తడుస్తూ ఓడ తాత వచ్చాడు. కక్కించొద్దని ఉప్పునీళ్ళు పారబోయించాడు, నాయనమ్మని పక్కకి తిప్పి పడుకోబెట్టి నోరు తుడిచాడు, రిక్షా పిలవమని కేకేశాడు. ఆ తరవాత సీసా చేతిలోకి తీసుకుని ముందు చూశాడు, వెనక చూశాడు. నన్ను చూశాడు. నేను గుంజ వెనక ఉన్నాను.

"ఏటయ్యా, తాగే మందని పంపి ఇసం పోసేవా!" అంది ఎర్రమ్మ పిన్ని.

ఆయన ఆ గాట్ల కాగితాన్ని గోటితో గీకి పీకేస్తూ, "తప్పు నాదేనమ్మా," అన్నాడు.

నాయనమ్మ పెద్దాసుపత్రిలో నాలుగు రోజులుండి, గొంతు బొంగురుపోయి, తిరిగొచ్చింది. ఓడ తాత వైద్యం మాత్రం తిరిగి రాలేదు. ముసలాడికి చెయ్యి తడబడుతోందన్నారు, డిగ్రీ లేని వైద్యమన్నారు. మా నాన్న ఆయన గుమ్మం ముందు నిలబడి అన్న మాటలు నేనిక్కడ రాయలేను. బెంచీ ఖాళీ అయింది. సీసాలే లేనప్పుడు సీసా చదివే పిల్లలెందుకని బడీ ఖాళీ అయింది. గంట మాత్రం వాయిస్తూనే ఉండేవాడు, దాన్ని విని ఎసరు పెట్టేవాళ్ళు లేరు.

నెల తరవాత ఒక మధ్యాహ్నం, ఇంట్లో చెప్పకుండా, నేను ఆ వరండా ఎక్కాను. ఆయన ఇసక పళ్ళెం ముందుకి జరిపి అ రాయమన్నాడు. రాస్తూ ఏడ్చాను. ఇసక తడిసి అక్షరం బాగా పడుతోందిలే అన్నాడు. అప్పుడు చెప్పాడు, ఎవరికీ చెప్పని ఓడ కథ. మన వైపు కూలీ ఒకడు నడుం నొప్పని వస్తే పూతమందు ఇచ్చాడట, సీసా మీద చక్కటి ఇంగ్లీషులో రాసి మరీ అంటించాడట. వాడు అది తాగేశాడు. రంగం చేరకముందే పోయాడు.

"ఆడే పొరపాటున తాగీసేడని ఓడ పుస్తకంలో రాసీసేరు. ఆడికి సదవడం రాదని నాకు తెల్సు గదమ్మా. తెలిసీ ఇచ్చేను." ఇసక పళ్ళెం చదును చేస్తూ మళ్ళీ అన్నాడు. "నువ్వూ సదవడం నేదు, పాడతన్నావని తెల్సు. ముద్దొచ్చి ఊరుకున్నాను."

నేనింట్లో చెప్పేయనా తాతా అని అడిగాను. ముందు చదవడం నేర్చుకో, తరవాత చెబుదువుగాని అన్నాడు.

ఆ చలికాలమంతా దొంగతనంగా వెళ్ళి నేర్చుకున్నాను. సంక్రాంతి వెళ్ళాక ఒకనాడు ఆయన బల్ల కింద నుంచి ఆ సీసా తీసి నా చేతికిచ్చాడు. కూడబలుక్కుంటూ, చెమటలు పడుతూ, నేను నిజంగా చదివిన మొదటి తెలుగు అది: "పూతమందు. తాగరాదు." ఆయన చప్పట్లు కొట్టాడు. నాకు చదవడం వచ్చేసింది. ఇక చెప్పడమే మిగిలింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను, నాయనమ్మ గొంతు బాగయ్యాక చెబుదాం అనుకున్నాను. రెండేళ్ళకి ఓడ తాత పోయాడు. సమాధి దగ్గరికి మా సందు నుంచి వెళ్ళినవాళ్ళు చాలా కొద్దిమంది, వాళ్ళలో మా నాన్న లేడు. అప్పుడూ నేను నోరు తెరవలేదు. పిరికిదాన్ని. అంతకంటే మెత్తటి మాట నా దగ్గర లేదు.

ఇప్పుడు భాలుబాసాలో ఆ వరండా మొబైల్ రీఛార్జి దుకాణం. పెంకులు పోయి శ్లాబులొచ్చాయి, బొగ్గుల పొయ్యిలు పోయాయి, సాయంకాలం ఆకాశం రెండోసారి వెలగడం చూసి చాలా ఏళ్ళయింది. ఈమధ్య ఆ సందులో ఒక బారసాలకి వెళితే ఎర్రమ్మ పిన్ని కనిపించింది. తొంభై దగ్గర పడ్డాయి, మాట మాత్రం గట్టిగానే ఉంది. మాటల్లో ఓడ తాత పేరొచ్చింది.

"ఓలమ్మ, ఆ తప్పుడు మందిచ్చినోడు గాదేటి?"

ఆవిడ చెయ్యి పట్టుకుని జరిగిందంతా మొదటి నుంచీ చెప్పాను. పిన్ని విన్నది. నా చెయ్యి తట్టి, "పోన్లేవే, ఎప్పటి మాట. నాకు మాత్రం సదువొచ్చేటి? మీ నాయనమ్మ బతికింది గదా," అని పాయసం గిన్నె అందుకుంది. పక్కనున్న ఆవిడ మునిమనవరాలు, క్యా హువా నానీ అంటే, కుఛ్ నహీ అంది.

ఆ కుఛ్ నహీ, ఆ ఏమీ లేదన్న మాట, నన్ను ఇంటి దాకా వెంటాడింది. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన్ని తిట్టినవాళ్ళు లేరు, ఆయనా లేడు. ఆ సందులో ఈ కాగితం ఎవరికైనా ఇస్తే చదివే పిల్ల ఒక్కత్తీ లేదు. మా ఇంట్లోనూ లేదు, నా మనవలు తెలుగు వింటారు, జవాబు హిందీలో చెబుతారు. అయినా రాయాలి. సీసా మీద దేవసహాయం గారు సరిగ్గానే రాశారు. నేనే చదవలేదు, చదివానని చెప్పాను.